ఐదు వేలు, పదిమంది, ఒక తీర్మానం

(మహిళా ఆరోగ్య సమితుల సభ్యులు, స్థానిక దాతలు కలిసి కూర్చున్న సభలో ఒక శిక్షకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సమితుల అక్కచెల్లెళ్లకు, ఆశా కార్యకర్తలకు, ఈ వార్డుల కోసం ఏదైనా చేద్దామని పిలవగానే వచ్చిన దాతలకు.

ఒక లెక్కతో మొదలుపెడతాను. పట్టణాల్లో పేదల వాడలకు మహిళా ఆరోగ్య సమితులు ఉన్నాయి. 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు చేసిన ఏర్పాటు ఇది. 50 నుంచి 100 ఇళ్లకు ఒక సమితి. అందులో పది పన్నెండు మంది ఆడవాళ్లు. ఆ సమితికి ఏడాదికి 5,000 రూపాయలు ఇస్తారు. పల్లెల్లో అంతకుముందే, 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాక, గ్రామ ఆరోగ్య కమిటీలు వచ్చాయి. వాటికి ఏడాదికి 10,000. మన సమితి సంగతే చూద్దాం. వంద ఇళ్లకు 5,000 అంటే ఇంటికి ఏడాదికి 50 రూపాయలు. నెలకు నాలుగు రూపాయల చిల్లర.

ఈ లెక్క వినగానే పెదవి విరిచేవాళ్లున్నారు. "ఇంటికి యాభై రూపాయలతో ఎవరి ఆరోగ్యం బాగుపడుతుందమ్మా?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఇంటింటికీ పంచితే నిజంగానే ఏమీ రాదు, డజను కోడిగుడ్లు కూడా రావు. కానీ ఆ డబ్బుకు ఒక గుణం ఉంది. ప్రభుత్వం ఇచ్చే సొమ్ములో చాలా భాగానికి పద్దు ముందే రాసి ఉంటుంది. ఇది మందులకు, ఇది జీతాలకు, ఇది రోడ్డుకు అని. ఈ 5,000కు అలా ముందే రాసిన పద్దు లేదు. అన్‌టైడ్ ఫండ్ అంటారు దీన్ని. వీధి బాగుకు ఏది కావాలో ఆ పదిమందీ కూర్చుని తేల్చుకోవాలి, పుస్తకంలో తీర్మానం రాసుకోవాలి, ఖర్చు పెట్టుకోవాలి. ఇంత స్వేచ్ఛతో పేదింటి ఆడవాళ్ల చేతికొచ్చే ప్రజాధనం నాకైతే ఇంకోటి కనబడదు.

నేను కూర్చున్న ఒక సమావేశం సంగతి చెబుతాను. ఊరు పేరెందుకు, మీ వీధే అనుకోండి. అంగన్‌వాడీ గది, పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక. చాప మీద తొమ్మిదిమంది కూర్చున్నారు. ఆశా కార్యకర్త రిజిస్టరు తెరిచి, "ఈసారి కూడా బ్లీచింగు, ఫినాయిలు రాసేద్దామా అక్కా? బిల్లు తేలిగ్గా వస్తుంది" అంది. ఆమెను తప్పుపట్టలేం. రేపు బిల్లు లేకపోతే నిలదీసేది ఆమెనే. రాయడానికి పెన్ను పెట్టబోతోంది, వీధి చివర ఇడ్లీ బండి నడిపే అక్క అందుకుంది. "బ్లీచింగు మున్సిపాలిటీ వాళ్లు గదా చల్లాల్సింది, మన డబ్బు పెట్టి మనమెందుకు కొనాల?"

ఆ మాటతో గది ఒక్కసారిగా మారిపోయింది. ఒకామె వీధిలైటు అంది. ఇంకొకామె కుక్కలు అంది. బీపీ మిషను కొందామని ఇద్దరు పట్టుబట్టారు, వాళ్లిద్దరూ బీపీ మాత్రలు వేసుకునేవాళ్లే. మిషను మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎవరింట్లో పెట్టాలి, వాళ్లు ఊరెళితే ఎవరు చూస్తారు, అందరూ ఆ ఇంటికి వెళ్లగలరా? ఆ చివరి ప్రశ్న అడిగినామె దళితవాడ నుంచి వచ్చింది. ఎవరూ గొంతు పెంచలేదు, కానీ ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పుడు ఒక పెద్దావిడ, అప్పటిదాకా నోరు విప్పని మనిషి, బోరింగు సంగతి ఎత్తింది. బోరింగు చుట్టూ గచ్చు పగిలి పాచిపట్టిపోయింది, బిందె ఎత్తుకుని దిగుతూ మా కోడలు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది, ఆ నిలవ నీళ్ల దోమలతో పిల్లలకు జ్వరాలు వదలడం లేదు అని. దానికి మాత్రం తొమ్మిదిమందీ తలూపారు, ఎందుకంటే ఆ బోరింగు దగ్గరికి అందరూ వస్తారు.

తర్వాత అంచనా వేసింది ఎవరనుకున్నారు? ఇంజనీరు కాదు. ఒక మేస్త్రి భార్య. ఇన్ని బస్తాల సిమెంటు, ఒక ఆటో ఇసుక, కంకరకు బదులు పాత ఇటుక ముక్కలు చాలు, మా ఆయన రెండు రోజులు చేస్తాడు, ఒక రోజు కూలి వదులుకుంటాడు అని గడగడా చెప్పేసింది. నీళ్లు పోవడానికి చిన్న కాలవ, దాని చివర ఇంకుడు గుంత. గుంత తవ్వేది ఆదివారం నాడు వీధిలో కుర్రాళ్లు. అన్నీ కలిపి ఐదు వేల లోపు. తీర్మానం రాశారు, సంతకాలు పెట్టారు, ఇద్దరు వేలిముద్ర వేశారు.

గచ్చు పడింది. అయితే నేను అసలు చెప్పదలచుకున్నది ఆ తర్వాత జరిగింది. వాన పడితే ఆ వీధి నీళ్లన్నీ పెద్ద కాలవలోకి పోవాలి, అది పూడిపోయి ఉంది. ఆడవాళ్లు ఆ తీర్మానం పుస్తకమే పట్టుకుని వార్డు ఆఫీసుకు వెళ్లారు. "మా డబ్బుతో మా వీధి పని మేం చేసుకున్నాం, ఇదిగో లెక్క. పెద్ద కాలవ పూడిక తీయడం మీ పని" అన్నారు. అంతకుముందు అదే ఆఫీసుకు వాళ్లు అర్జీలు పట్టుకెళ్లినవాళ్లే. అర్జీతో వెళ్లిన మనిషి నిలబడే తీరు వేరు, లెక్కతో వెళ్లిన మనిషి నిలబడే తీరు వేరు. కాలవ తీశారు. ఆలస్యంగానే గానీ తీశారు.

దాతలకు నేను చెప్పాలనుకున్నది ఇదే. చిన్న నిధి విలువ అది కొనిపెట్టే వస్తువులో లేదు. దేనికి ఖర్చు పెట్టాలో ఎవరు నిర్ణయించారన్న దాంట్లో ఉంది. అదే 5,000కు మీరే బీపీ మిషను కొని, ఫొటో దిగి, ఇచ్చి వచ్చారనుకోండి. అది ఎవరింట్లో ఉంది, అక్కడికి ఎవరు రాగలరు, ఎవరు రాలేరు అన్న మాట ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు.

ఇది కొత్తగా నేను కనిపెట్టిన సంగతేం కాదు. మాది నెల్లూరు జిల్లా. తొంభైల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతరు వెలుగులో వయోజనులకు చదువు. దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలతో పాటు సారా గురించి మాట్లాడుకున్నారు, సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు అలాగే రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఉద్యమం అక్కడితో ఆగిపోలేదు. సారాకు పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందామని పొదుపులక్ష్మి బృందాలు పుట్టాయి. రోజుకో రూపాయి! మన ఇంటికి యాభై లాగే అదీ పెదవి విరిచే చిల్లరే. ఆ రూపాయి కోసం వారం వారం కూర్చోవడం అలవాటైంది. కూర్చున్నాక రూపాయి ఒక్కటే మాట్లాడరు కదా. ఎవరి బిడ్డకు జ్వరం, ఎవరి మొగుడు కొడుతున్నాడు, ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయి, అన్నీ అక్కడికే వచ్చేవి.

ద్వాక్రా కూడా చిన్న సొమ్ముతో మొదలైన పథకమే. 1982లో మొదలుపెట్టినప్పుడు బృందానికి రివాల్వింగ్ ఫండ్, అంటే సభ్యులు తీసుకుని తీర్చి మళ్లీ మళ్లీ తిప్పుకునే సొమ్ము, కింద ఇచ్చింది 15,000 రూపాయలు. 1999లో ఆ పథకాన్ని ఇంకో పథకంలో కలిపేశారు. పథకం పోయినా మీటింగు పోలేదు, ఇవాళ్టికీ మన ఇళ్లలో ద్వాక్రా మీటింగుకు వెళ్లొస్తానంటారు. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ, అంటే పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించే, ప్రయోగం చేస్తే, దాన్ని అందిపుచ్చుకుని లక్షల సంఘాలు కట్టుకున్నది మన తెలుగు నేల. బ్యాంకు అప్పుల మంచి చెడ్డలు వేరే చర్చ, ఇవాళ అటు వెళ్లను.

కూర్చుని మాట్లాడుకోవడం వల్ల ఆరోగ్యం మెరుగుపడుతుందా? మాటకు అనడమేనా, కొలిచి చూశారా? చూశారు. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ ఆదివాసీ ప్రాంతాల్లో 2005 నుంచి 2008 దాకా మహిళా బృందాలతో పనిచేసింది. ఫలితాలు 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. అక్కడ నెలకోసారి కూర్చునేవాళ్లు. బొమ్మల కార్డులు, కథలు, ఆటలు. పురిటిబిడ్డ ఎందుకు చనిపోయింది అన్న ప్రశ్న మొదలుపెట్టి, దానికి వచ్చిన జవాబు మీద మళ్లీ ఎందుకు, దాని మీద మళ్లీ ఎందుకు అని తవ్వుకుంటూ పోయేవాళ్లు. తర్వాత తమకు చేతనైనది ఏమిటో తామే నిర్ణయించుకునేవాళ్లు. రెండో, మూడో ఏడాదుల్లో ఆ ప్రాంతాల్లో నవజాత శిశు మరణాలు, బృందాలు లేని ప్రాంతాలతో పోలిస్తే 45 శాతం తక్కువ. ఇంకో ఫలితం గురించి ఎక్కువమంది మాట్లాడరు గానీ నాకు అది అంతే ముఖ్యం. తల్లుల్లో ఓ మోస్తరు కుంగుబాటు మూడో ఏడాదిలో 57 శాతం తక్కువగా కనిపించింది. అక్కడ బృందాలకు డబ్బు పంచలేదు. డబ్బు పోయింది మీటింగు నడిపించే స్థానిక మహిళ జీతానికీ, ఆమె శిక్షణకూ, ఆ కార్డులకూ. దాతలు దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఈ మాటకు వస్తాను.

మన దగ్గర రక్తహీనత తీసుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ. ఈ గదిలో కూర్చున్న ప్రతి ఐదుగురు ఆడవాళ్లలో ముగ్గురు. ఐరన్ మాత్రలు ఉచితంగానే ఇస్తున్నారు. మాత్ర చేతికి రావడం దగ్గర కాదు ఆగిపోతున్నది. కోడలు అందరూ తిన్నాక మిగిలింది తింటుంది. ఖాళీ కడుపున మాత్ర వేసుకుంటే వికారం. వేసుకోవడం మానేస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం అనే పేదరిక నిర్మూలన పథకం రోజుల్లో గ్రామ సమాఖ్యలు, అంటే ఊళ్లోని పొదుపు సంఘాల కూటములు, పోషకాహార కేంద్రాలు నడిపాయి. సమాఖ్యకు కొంత మూలధనం ఇచ్చారు, తినేవాళ్లు తమ వంతు కొంత కట్టుకున్నారు, వంట సంఘం ఆడవాళ్లదే. గర్భిణులు, బాలింతలు ఒకచోట పంక్తిలో కూర్చుని వేడివేడిగా తినేవాళ్లు. కోడలి పళ్లెంలోది ఆమే తింటుంది, ఇంటికి పార్సిలు కట్టిస్తే మాత్రం నలుగురికీ పంచాల్సి వస్తుంది. ఆ సూక్ష్మం పంక్తిలో వడ్డించినవాళ్లకు బాగా తెలుసు. ఆ తర్వాత అంగన్‌వాడీల్లో పూట భోజనం ప్రభుత్వ పథకమే అయింది. 2013లో అమృతహస్తం, తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చిన్న నిధి ఉంది కదా అని ప్రభుత్వం చేయాల్సిన పని సంఘాల నెత్తిన పెట్టకూడదు. డాక్టరు లేని ఆరోగ్య కేంద్రానికి సమితి 5,000 మందు కాదు. తాగునీటి పైపు, మురుగు కాలవ, చెత్త బండి మున్సిపాలిటీ బాధ్యతలు. సమితి డబ్బుతో ఏటా బ్లీచింగు కొనిపించే చోట జరుగుతున్నది ఇదే. ఆడవాళ్ల నిర్ణయాధికారాన్ని ఆఫీసు ఖర్చులో కలిపేసుకోవడం. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను.

రెండో బాధ మార్చి 31. డబ్బు ఖాతాలో పడేది ఏ ఫిబ్రవరిలోనో. మార్చి నెలాఖరుకల్లా యూసీ, అంటే డబ్బు ఖర్చయిందన్న ధ్రువపత్రం, ఇవ్వమంటారు. ఏడాదంతా మీటింగు పెట్టి ఆలోచించాల్సిన పనిని పదిహేను రోజుల్లో తెమల్చమంటే ఎవరైనా బిల్లు తేలిగ్గా దొరికే వస్తువే కొంటారు. వానలకు ముందు, మే నెలలో, చేతిలో డబ్బుంటే దోమల పని జరుగుతుంది. మార్చిలో వస్తే ఫినాయిలు సీసాలు వస్తాయి.

ఇక ప్రైవేటు దాతల సంగతి. పెద్ద కంపెనీలకు 2014 ఏప్రిల్ నుంచి లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలన్న చట్టం ఉంది. మంచిదే. కానీ ఆ డబ్బు బయటి సంస్థ ద్వారా ఖర్చు పెట్టాలంటే దానికి 12ఏ, 80జీ అనే ఆదాయపు పన్ను నమోదులు ఉండాలి, కేంద్రం దగ్గర ప్రత్యేకంగా నమోదు కావాలి. చాప మీద కూర్చున్న తొమ్మిదిమంది దగ్గర 80జీ ఎక్కడిది? విదేశీ విరాళాల దారి ఇంకా ఇరుకైంది. 2020లో చట్టం సవరించాక, విదేశీ విరాళం తీసుకున్న సంస్థ అందులోంచి ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. అంతకుముందు పెద్ద సంస్థలు తెచ్చి చిన్నవాటికి పంచేవి, ఆ దారి మూసుకుపోయింది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మన పిల్లలు ఊరికి ఏదైనా పంపుతామంటారు కదా, వాళ్లకిది తెలిసి ఉండాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అవుతుంది, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. తెలియక తీసుకుని ఇబ్బందుల్లో పడే చిన్న సంఘాలను కాపాడాలంటే పంపేముందే అడిగి పంపండి.

అందుకే ఊళ్లో ఉన్న దాతల అవసరం ఇప్పుడు ఎక్కువ. మందుల షాపు ఆయన, రిటైరైన మాస్టారు, రైస్ మిల్లు వాళ్లు, మీరే. కేరళలో మలప్పురం వైపు చూడండి. 2001 నుంచి అక్కడ మంచాన పడ్డవాళ్లకు, క్యాన్సరు నొప్పితో ఉన్నవాళ్లకు ఇంటికెళ్లి సేవ చేసే బృందాలు ఎక్కువగా ఊరి చందాలతో పెరిగాయి. దుకాణాల్లో డబ్బాలు పెట్టారు, చిన్నచిన్న మొత్తాలు పోగయ్యాయి, వలంటీర్లు ఆ వీధివాళ్లే.

మీరు ఇస్తామంటే ఎలా ఇవ్వాలో నా అనుభవంలోంచి చెబుతాను. ఒకేసారి లక్ష కాదు, ఏటా పది పదిహేను వేలు, మూడేళ్లు ఇస్తామని మాటివ్వండి. మొదటి ఏడు సమితి తడబడుతుంది, ఎవరైనా తడబడతారు. రెండో ఏడు కూడా డబ్బొస్తుందని తెలిస్తేనే వాళ్లు తొందరపడకుండా ఆలోచిస్తారు. వేసవి దాటకముందే ఇవ్వండి. ఇరవై పేజీల దరఖాస్తు అడగొద్దు, పది వేలకు తీర్మానం నకలు, ఖర్చు రసీదులు చాలు. కూలీ ఇచ్చినచోట రసీదు రాదు, సాక్షి సంతకం సరిపెట్టుకోండి. ఇచ్చిన దాంట్లో కొంత పుస్తకం రాసే మనిషికి, మీటింగుకు పిలిచే మనిషికి వెళ్లనివ్వండి. జార్ఖండ్‌లో డబ్బు పోయింది ఆ మనిషి మీదే అని ఇందాక చెప్పాను కదా. మన దగ్గర ఆమె చేత ఊరికే పని చేయించుకుంటాం, సేవ అని పేరు పెడతాం. బస్సు చార్జీ కూడా ఇవ్వం.

బోర్డు మీద మీ పేరు రాయించమని మాత్రం అడగకండి. కోపం తెచ్చుకోకండి, కారణం చెబుతాను. పేరు పడేచోట పేరు కనిపించే పనే జరుగుతుంది. బెంచీ వస్తుంది, గేటు వస్తుంది, నీళ్ల ట్యాంకు వస్తుంది. భర్త తాగొచ్చి కొడితే రాత్రి తలుపు తట్టడానికి నాలుగిళ్లు మాట్లాడి పెట్టుకోవడం, ఒంటరి ముసలమ్మకు వంతులవారీగా రోజూ ఒకరు కనబడి రావడం, ప్రసవానికి అర్ధరాత్రి ఆటో ఖర్చుకు రెండు వేలు పక్కన పెట్టుకోవడం, వీటి మీద బోర్డు ఎక్కడ తగిలిస్తాం? నేను చూసినంతలో సమితులు చేసిన మంచి పనుల్లో సగం ఇలాంటివే.

లెక్క తప్పితే ఏం చేయాలని కొందరు అడిగారు. తప్పుతుంది, కొన్నిచోట్ల. దానికి మందు పై నుంచి ఆడిట్ కాదు, వీధిలో లెక్క చదవడం. మూడు నెలలకోసారి బోరింగు దగ్గరో గుడి అరుగు మీదో గట్టిగా చదవండి: ఇంత వచ్చింది, ఇంత అయింది, ఇంత ఉంది. సిమెంటు బస్తా ధర ఆ వీధిలో అందరికీ తెలుసు. తేడా ఉంటే అక్కడికక్కడే అడుగుతారు. సమితిలో లేని ఇళ్లవాళ్లు కూడా వినేలా చదవాలి, ముఖ్యంగా వీధి చివరి ఇళ్లవాళ్లు. ఎవరి గుమ్మం ముందు చదివితే ఎవరు రాలేరో ముందే ఆలోచించుకుని చోటు ఎంచుకోండి.

నేను చాలా మాట్లాడాను. ఈ సభ పెట్టింది నా కోసం కాదు. నాలుగు సమితులవాళ్లు పోయిన నెల తీర్మానాలు వెంట తెచ్చారు, ఈ ఏడు ఏ పని ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో వాళ్లే చెబుతారు. దాతలు దయచేసి మధ్యలో సలహాలు ఇవ్వకుండా వినండి, ప్రశ్నలు చివర్లో. మొదట కాలవ గట్టు సమితి. రామ్మా, మైకు తీసుకో.